ఉప్పుగాలి ఊళ్లకి తాళం పడే కిటికీ హ్యాండిళ్లు: ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం హార్డ్‌వేర్ షాపుల్లో తాళంచెవితో బిగించే కిటికీ హ్యాండిల్ అడిగితే రెండు రకాలు చూపిస్తారు. ఒకటి, వెనక చదరపు కడ్డీ ఉండి రెక్క లోపలి గేర్‌బాక్స్‌ని తిప్పేది. రెండోది, కొక్కెం లాంటి ముక్కు ఫ్రేము మీద ఎక్కి కూర్చునేది. మా ఓటు మొదటిదానికే. అది తిప్పితే రెక్క అంచు పొడవునా ఉన్న రోలర్లన్నీ ఒకేసారి ఫ్రేములోని పట్టుల్లోకి వెళ్తాయి. ముక్కు హ్యాండిల్ పట్టుకునేది ఒక్కచోటే. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటి తుపానులో గాలి రెక్కని లోపలికి తోయడమే కాదు, ఇంటికి అవతలి వైపున బయటికి లాగుతుంది కూడా. అప్పుడు ఒక్కచోట బిగిసిన రెక్క పైమూల, కిందిమూల ఫ్రేముకి దూరమవుతాయి, ఆ సందులోంచి వాన జల్లు కొడుతుంది. చిన్న వెంటిలేటరుకీ, వంటింటి కిటికీకీ ముక్కు రకం చాలు.

ఊచలున్నాక తాళమెందుకు అంటారు. ఊచలు మనిషిని ఆపుతాయి, చేతిని ఆపవు. అద్దం మూల పగలగొట్టి చెయ్యి పెడితే మామూలు హ్యాండిల్ తిరిగిపోతుంది, ఆపైన కర్ర పెట్టి మంచం పక్కనున్న ఫోను లాగేయడం ఎంత సేపు! తాళం పడిన హ్యాండిల్ తిరగదు. ఇక మేడ మీద ఊచల్లేని పెద్ద కిటికీ ఉండి ఇంట్లో చిన్నపిల్లలుంటే తాళం తప్పనిసరి. దోమల జాలీ దోమల్ని ఆపడానికే, పిల్లాడు ఆనుకుంటే ఊడి వచ్చేస్తుంది.

అలాగని దీన్ని బీరువా తాళం అనుకోవద్దు. ఒక కంపెనీ హ్యాండిళ్లకి సాధారణంగా ఒకటే చెవి నమూనా ఉంటుంది. ఇంటిల్లిపాదికీ ఒక్క చెవి సరిపోవడం సౌకర్యమే, కానీ అదే చెవి ఇంకో ఇంట్లోనూ ఉంటుందన్న మాట.

కొనేటప్పుడు మోసపోయేది కొలత దగ్గర. "అన్నీ ఒకటే సైజు బాబూ" అంటాడు షాపాయన. సగమే నిజం. స్క్రూల మధ్య దూరం 43 మిల్లీమీటర్లు, కడ్డీ మందం 7 మిల్లీమీటర్లు చాలా వాటికి ఒకటే. కడ్డీ పొడవు మాత్రం 15, 20, 30, 40 ఇలా మారుతుంది. అందుకని పాతది ఊడదీసి చేత్తో పట్టుకునే షాపుకి వెళ్లాలి. రెక్క తెరిచి హ్యాండిల్ని అడ్డంగా పెట్టండి. అడుగున ఉన్న మూతని కొంచెం పైకెత్తి పక్కకి తిప్పితే రెండు స్క్రూలు కనిపిస్తాయి. వాటిని తీసి హ్యాండిల్ లాగితే కడ్డీతో సహా వచ్చేస్తుంది. అడుగు పలక దగ్గర నుంచి కడ్డీ కొస దాకా కొలవాలి, పలక మందం కలపకూడదు. కడ్డీ పొడవెక్కువైతే పలక రెక్కకి ఆనదు. అలాంటప్పుడు యాక్సా బ్లేడుతో కోసి, కోసిన అంచుని ఆకురాయితో నునుపు చేస్తే సరిపోతుంది. పొట్టిదైతే మందు లేదు. కొస మాత్రమే గేర్‌బాక్స్‌ని పట్టుకుని, కొన్ని నెలల్లో ఆ చదరపు రంధ్రాన్ని గుండ్రంగా అరగదీసేస్తుంది. అప్పుడు హ్యాండిల్‌తో పోయేది కాదు, గేర్‌బాక్స్ కూడా మార్చాలి. అనుమానమొస్తే పొడవుదే తీసుకోండి.

ముక్కు రకానికైతే అడుగు పలక నుంచి ముక్కు కింది అంచు దాకా ఎత్తు కొలవాలి. దీనికి కుడి, ఎడమ కూడా వేరు, ఇంటి లోపల నిలబడి చూసి చెప్పాలి.

మన ఇళ్లకి మాత్రమే ఉన్న ఇబ్బంది ఇంకొకటి. రెక్క బయటికి తెరుచుకుంటుంది, గ్రిల్లు లోపలి వైపు ఉంటుంది. అంటే ఊచల సందులోంచి చెయ్యి పెట్టి తిప్పాలి. కొత్త హ్యాండిల్ ఎత్తుగా ఉంటే తిరిగే దారిలో ఊచకి తగులుతుంది, లేదా చెవి పెట్టడానికి వేళ్లు పట్టవు. హ్యాండిల్ ఎత్తుకి రెండు వేళ్ల మందం కలిపితే ఎంతవుతుందో, గ్రిల్లుకీ రెక్కకీ మధ్య అంత ఖాళీ ఉండాలి. చెవికి దారం కట్టి ఊచకి ముడేయండి, ఒక్కసారి చెయ్యి జారితే నేరుగా బయట తులసికోట పక్కన పడుతుంది. ముడి మాత్రం బయటి చెయ్యి అందనంత పక్కగా ఉండాలి.

ఇక లోహం. బారువ, కళింగపట్నం, భావనపాడు, భోగాపురం వైపు ఇళ్లకి క్రోమ్ పూత వేసిన జింకు మిశ్రమం హ్యాండిల్ కొనకపోవడమే మంచిది. అద్దంలా మెరుస్తుంది, చేతికి బరువుగా తగిలి గట్టిదనిపిస్తుంది. కానీ పూతలో సూదిమొన రంధ్రం పడ్డా ఉప్పు తేమ కిందికి దూరి జింకుని తింటుంది. ముందు తెల్లటి పొడి, తర్వాత పొక్కులు, ఆఖరికి పూత పెచ్చులుగా లేస్తుంది. పౌడర్ కోటింగ్ ఉన్న అల్యూమినియం నయం. స్టెయిన్‌లెస్ స్టీలు కావాలంటే 316 రకం అడగండి. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకి ఓర్చుకునేది దానివల్లే. మామూలు 304 రకం స్టీలుకి సముద్రపు గాలిలో టీ మరకల్లాంటి తుప్పు మచ్చలొస్తాయి. రాజాం, బొబ్బిలి లాంటి లోపలి ఊళ్లలో 304 హాయిగా నడుస్తుంది. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి స్టీలే అనుకోవద్దు, జింకుకీ అల్యూమినియానికీ కూడా అంటదు. పెట్టె మీద ఈఎన్ 1670 (తుప్పుకి ఎంత ఓర్చుకుంటుందో చెప్పే యూరప్ ప్రమాణం) అని ఉంటే గ్రేడు చూడండి. గ్రేడ్ 3 అంటే 96 గంటల ఉప్పు నీటి తుంపర పరీక్ష, గ్రేడ్ 4 అంటే 240 గంటలు, గ్రేడ్ 5 అంటే 480. తీరానికి 4కి తక్కువ వద్దు. ఎంత మంచి హ్యాండిల్ కొన్నా పక్కనున్న డబ్బాలోంచి ఇనప స్క్రూలు తీసి బిగిస్తే ఫలితం సున్నా.

హ్యాండిల్ బిగుసుకుపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం హ్యాండిల్ కాదు. రెక్క తెరిచి ఉంచి ఖాళీగా తిప్పి చూడండి. తెరిచినప్పుడు సులువుగా తిరిగి, మూసినప్పుడే మొరాయిస్తే రెక్క జారిందన్న మాట. రెక్కని ఫ్రేముకి పట్టి ఉంచే స్టేల (కీలు పట్టీల) స్క్రూలు వదులై ఉంటాయి, లేదా అద్దం కింద పెట్టే ప్యాకర్లు కదిలి అద్దం బరువు ఒక మూలకి దిగి ఉంటుంది. తెరిచినా బిగుతుగానే ఉంటే హ్యాండిల్ ఊడదీసి, కడ్డీ ఒక్కదాన్నే గేర్‌బాక్స్‌లో పెట్టి శ్రావణంతో నెమ్మదిగా తిప్పండి. అది తేలిగ్గా తిరిగితే తప్పు హ్యాండిల్‌ది, తిరక్కపోతే గేర్‌బాక్స్‌ది. ఈ పరీక్ష చెయ్యకుండా బలం పెట్టి తిప్పితే విరిగేది హ్యాండిల్ మెడే. కొందరు ఫిట్టర్లు స్క్రూల్ని డ్రిల్ మెషిన్‌తో బిగించేస్తారు. అడుగు పలక వంగి హ్యాండిల్ మొదటి రోజు నుంచే పట్టేస్తుంది. అర చుట్టు వదులు చేసి చూడండి, చాలాసార్లు అంతటితో బాగవుతుంది.

పొద్దున్న బాగుండి మధ్యాహ్నం బిగుసుకుంటే కంగారు పడనక్కర్లేదు. యూపీవీసీ (కిటికీలకి వాడే గట్టి ప్లాస్టిక్) ఎండకి సాగుతుంది. నాలుగడుగుల రెక్క వేడి 20 డిగ్రీలు పెరిగితే ఒకటిన్నర మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. ముదురు రంగువైతే ఇంకా ఎక్కువ. రోలర్లని అలెన్ కీతో (ఆరు పలకల చిన్న వంపు కడ్డీతో) కొంచెం తిప్పి పట్టు తగ్గించుకోవచ్చు, అయితే వానాకాలం ముందు మళ్లీ బిగించాలి, లేకపోతే నీళ్లు కారతాయి.

నూనె విషయంలో కొబ్బరినూనె మాత్రం వద్దు. దుమ్ముని పట్టి జిగురవుతుంది, పైగా 24 డిగ్రీల కింద పేరుకుంటుంది. పుష్యమాసంలో తెల్లవారుజామున హ్యాండిల్ తిరగకపోవడానికి ఒక్కోసారి కారణం అదే. గేర్‌బాక్స్‌కి కుట్టుమెషిన్ నూనె రెండు చుక్కలు, రోలర్లకి సిలికాన్ స్ప్రే, తాళం కన్నానికి గ్రాఫైట్ పొడి. కన్నంలో ఏ నూనే పోయొద్దు. డబ్ల్యూడీ-40 స్ప్రే తుప్పు వదిలించడానికి పనికొస్తుంది, ఎక్కువకాలం నిలవదు. తీరం వెంబడి పదిహేను రోజులకొకసారి మంచినీళ్లతో తడిపిన గుడ్డతో హ్యాండిల్ తుడిచి ఆరబెడితే, ఏ స్ప్రేకన్నా అదే ఎక్కువ కాపాడుతుంది. యాసిడ్ ఉన్న బాత్రూం క్లీనర్లు దగ్గరికి రానివ్వొద్దు.

పాత చెక్క కిటికీలకి ఈ హ్యాండిళ్లు పెట్టించడం దండగ, వానకి చెక్క ఉబ్బి కొలత మారిపోతుంది. వాటికి తాళం పడే గడియ పైన ఒకటి, కింద ఒకటి చాలు. స్లయిడింగ్ కిటికీలకి తాళం కంటే ముందు చూడాల్సింది వేరే ఉంది: రెక్కని రెండు చేతులతో పైకెత్తి చూడండి. పట్టాలోంచి లేచి వస్తే ఎంత ఖరీదైన లాక్ పెట్టినా వృథా. పై పట్టాలో ఎత్తకుండా ఆపే ప్లాస్టిక్ బ్లాకులు వేయమని కిటికీ తయారుచేసిన ఫ్యాబ్రికేటర్‌ని అడగండి.

కొనేటప్పుడు ప్రతి గదికీ ఒక్కో చెవి వచ్చిందో లేదో చూసుకోండి. ఊచల్లేని పడగ్గది కిటికీ చెవి ఆ గదిలోనే, పెద్దవాళ్లకి చీకట్లో తడిమినా దొరికే మేకుకి, పిల్లలకి అందనంత ఎత్తులో వేలాడాలి. చెవి పోయినా తాళం పడేలా బటన్ నొక్కితే బిగిసే రకం కూడా షాపుల్లో ఉంది. పిల్లలున్న ఇంట్లో అది కొనకండి. ఆటలో నొక్కేస్తారు, తర్వాత చెవి కోసం ఇల్లంతా వెతకాలి.