రూలు, ప్రిన్సిపుల్, రెగ్యులేషన్, గైడ్‌లైన్: ఎక్కడ ఏది మేలు?

ఇంగ్లీషులో రాసేవాళ్లూ, ఇంగ్లీషు నుంచి అనువదించేవాళ్లూ పదే పదే అడిగే ప్రశ్న ఇది: రూలుకీ ప్రిన్సిపుల్‌కీ రెగ్యులేషన్‌కీ అసలు తేడా ఏమిటి? నిఘంటువు తిరగేస్తే నియమం, నిబంధన, సూత్రం అనే మూడు మాటలే అటూ ఇటూ మారి కనిపిస్తాయి. పత్రికల్లో అయితే రూలు, రెగ్యులేషన్, షరతు, చట్టంలోని క్లాజు అన్నీ ‘నిబంధన’లే. చదివి అర్థం చేసుకోవడానికి అది చాలు. ఇంగ్లీషులో వాక్యం కట్టాల్సి వస్తే చాలదు.

చాలామంది వీటిని గట్టిదనం లెక్కన వరుస పెడతారు. పైన లా, కింద రూలు, అట్టడుగున గైడ్‌లైన్. ఆ వరుసలో ప్రిన్సిపుల్‌ని ఎక్కడ పెట్టాలో తెలియదు, అసలు చిక్కంతా అక్కడే. అంతకన్నా పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. ఒకరు దాన్ని పాటించలేదనుకోండి. పాటించారా లేదా అన్నది అవును, కాదు అని తేలిపోతుందా, లేక మిగతా విషయాలతో కలిపి తూచాలా? తేలిపోతే రూలు. తూచాల్సి వస్తే ప్రిన్సిపుల్.

ఈ తేడాను న్యాయశాస్త్రంలో పదునుపెట్టినవాడు అమెరికన్ న్యాయతత్వవేత్త రోనాల్డ్ డ్వర్కిన్, 1967లో. ఆయన చూపిన ఉదాహరణ 1889 నాటి న్యూయార్క్ కేసు, రిగ్స్ వర్సెస్ పామర్. వీలునామాలో ఆస్తి తన పేరనే ఉంది, తాత ఎక్కడ దాన్ని మార్చేస్తాడోనని మనవడు ఆయనకు విషం పెట్టాడు. వీలునామా చట్టం అడిగిన లాంఛనాలన్నీ సక్రమంగా ఉన్నాయి. హంతకుడికి వాటా దక్కదని ఆ చట్టంలో ఎక్కడా లేదు. రూలు ప్రకారం ఆస్తి అతనిదే. అయినా కోర్టు ఇవ్వలేదు. తన తప్పు వల్ల తానే లాభపడకూడదన్న ప్రిన్సిపుల్ అక్కడ బరువు తూగింది. (లాంఛనాలు పూర్తయ్యాయి కాబట్టి ఇవ్వాల్సిందేనని విభేదించిన తీర్పూ అదే కేసులో ఉంది. రూలు పక్షాన నిలబడి ఆలోచిస్తే అదీ కొట్టిపారేయాల్సిన వాదన కాదు.)

అలాగని ఆ ప్రిన్సిపుల్ ప్రతిచోటా గెలుస్తుందనుకోకండి. పరాయి నేల మీద ఏళ్ల తరబడి అనుమతి లేకుండా నడిచినవాడికి చివరకు దారి హక్కు దక్కే సందర్భాలున్నాయి. తప్పు చేసినవాడే అక్కడ లాభపడ్డాడు. అయినా ప్రిన్సిపుల్ చెల్లకుండా పోలేదు, ఆ పూటకి ఓడింది, అంతే. రెండు రూళ్లు ఢీకొంటే మాత్రం ఒకటి రద్దవ్వాలి, లేదా దానికో మినహాయింపు రాసుకోవాలి. ‘ఎక్సెప్షన్ టు ద రూల్’ అన్న మాట నోట్లో అంత సాఫీగా ఆడేది అందుకే.

ఏ క్రియతో జత కడుతుందో చూసినా ఇదే తేడా బయటపడుతుంది. రూలుని ‘బ్రేక్’ చేస్తారు, కాస్త చూసీ చూడనట్టు పోతే ‘బెండ్’ చేస్తారు, అధికారి ‘ఎన్‌ఫోర్స్’ చేస్తాడు. ప్రిన్సిపుల్‌ని ‘కాంప్రమైజ్’ చేసుకుంటారు, ‘అప్‌హోల్డ్’ చేస్తారు. ‘బ్రేక్ ఎ ప్రిన్సిపుల్’ అని రాస్తే వ్యాకరణం ఒప్పుకున్నా చెవి ఒప్పుకోదు. విభక్తుల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘యాజ్ ఎ రూల్’ అంటే మామూలుగా, సాధారణంగా అని. దాన్ని ‘నిబంధన ప్రకారం’ అని అనువదిస్తే అర్థం తలకిందులవుతుంది. ‘ఇన్ ప్రిన్సిపుల్’ మన సూత్రప్రాయం: ఒప్పుకున్నారు గానీ వివరాలు తేలలేదు. ‘ఆన్ ప్రిన్సిపుల్’ పూర్తిగా వేరు: నష్టమైనా సరే, నమ్మిన విలువ కోసం.

డబ్బు లెక్కల్లో ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడాలంటే అద్దె ఒప్పందాల కథ చాలు. అమెరికాలో 1976 నాటి లెక్కల ప్రమాణం ఎఫ్ఏఎస్ 13 రెండు అంకెలు గీసింది. లీజు గడువు ఆస్తి ఆయుష్షులో 75 శాతం చేరినా, కట్టాల్సిన వాయిదాల నేటి విలువ ఆస్తి ధరలో 90 శాతం చేరినా, అద్దెకు తీసుకున్న సంస్థ ఆ ఆస్తినీ, కట్టాల్సిన వాయిదాలను అప్పుగానూ తన బ్యాలెన్స్ షీట్‌లోకి ఎక్కించాలి. యాజమాన్య బదిలీకి, చౌకగా కొనుక్కునే హక్కుకి సంబంధించి మరో రెండు పరీక్షలున్నాయి, అవి పక్కన పెడదాం. అంకె తెలిశాక ఏమవుతుంది? వాయిదాల విలువను 89 శాతం దగ్గర ఆపుతారు. రూలు తు.చ. తప్పకుండా పాటించినట్టే, అప్పు మాత్రం లెక్కలోకి రాదు. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 17 అంకెలు పెట్టలేదు. ఆయుష్షులో ‘అధిక భాగం’, విలువలో ‘దాదాపు మొత్తం’ అని వదిలేసింది. అక్కడ 89 అని తప్పించుకోవడం కుదరదు, కానీ ఒకే ఒప్పందాన్ని ఇద్దరు ఆడిటర్లు రెండు రకాలుగా చూడవచ్చు. ఇప్పుడు ఈ రెండు ప్రమాణాలూ మారిపోయాయి. తమాషా ఏమిటంటే, రూళ్ల మయమని పేరుపడ్డ ఆ అమెరికా లెక్కల పద్ధతి పూర్తి పేరు ‘జనరలీ యాక్సెప్టెడ్ అకౌంటింగ్ ప్రిన్సిపుల్స్’. పేరు చూసి నమ్మకూడదు.

కాబట్టి అడ్డదారులు వెతికేవాళ్లు ఎక్కువున్న చోట ప్రిన్సిపుల్, క్షణాల్లో తేల్చాల్సిన చోట రూలు మేలని నా మొగ్గు. క్రికెట్‌లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆటలో 42 ‘లాస్’, వాటి ముందు ‘స్పిరిట్’ గురించిన ప్రవేశిక. నాన్ స్ట్రయికర్ ముందే క్రీజు దాటితే బౌలర్ అవుట్ చేయడాన్ని అన్యాయమైన ఆట గురించిన 41వ లా నుంచి 2022లో రనౌట్‌కు చెందిన 38కి మార్చారు. రూలు ప్రకారం ప్రశ్న తేలిపోయింది. ప్రిన్సిపుల్ ప్రకారం వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

విజ్ఞానశాస్త్రంలో మాత్రం ఈ పరీక్ష పనిచేయదు. పౌలీ ఎక్స్‌క్లూజన్ ప్రిన్సిపుల్‌లో తూచేదేమీ లేదు, ఒకే క్వాంటం స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండవంతే. పరమాణువు చుట్టూ బయటి వరుసలో ఎనిమిది ఎలక్ట్రాన్లు ఉండాలన్న ఆక్టెట్ ‘రూలు’ను బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లోని బోరాన్ ఆరింటితోనే దాటేస్తుంది, ఎవరూ పట్టించుకోరు. అక్కడ పేర్లు చరిత్ర పెట్టినవి, ఉన్నవి ఉన్నట్టు వాడాలి.

రెగ్యులేషన్ దగ్గర అడగాల్సింది దాన్ని ఎవరు చేశారని. చట్టసభ చేసినది యాక్ట్ లేదా స్టాట్యూట్. ఆ చట్టం ఇచ్చిన అధికారంతో ఓ శాఖ గానీ సంస్థ గానీ చేసేది సాధారణంగా రెగ్యులేషన్. యూరోపియన్ యూనియన్‌లో అర్థం ఇంకా బిగుతు: యూనియన్ పనితీరు ఒప్పందంలోని (టీఎఫ్ఈయూ) 288వ అధికరణ ప్రకారం రెగ్యులేషన్ సభ్యదేశాలన్నిటికీ నేరుగా, పూర్తిగా వర్తిస్తుంది. డైరెక్టివ్ ఫలితాన్ని మాత్రమే నిర్దేశిస్తుంది, దాన్ని సాధించే పద్ధతి ఆయా దేశాల ఇష్టం. ఏకవచనంలో, ముందు ‘ఎ’ గానీ ‘ద’ గానీ లేకుండా ‘రెగ్యులేషన్’ కనిపిస్తే అది నియంత్రణ, నిబంధన కాదు. ‘రూల్స్ అండ్ రెగ్యులేషన్స్’ మన నియమనిబంధనల లాంటి జంటపదం, దాన్ని విడదీసి తేడా వెతకడం దండగ.

గైడ్‌లైన్ అంటే పాటించకపోయినా ఫరవాలేదని కాదు. పాటించకపోతే కారణం చెప్పగలగాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లు 1997లో ఆర్ఎఫ్‌సీ 2119 అనే పత్రంలో దీన్ని చక్కగా విడగొట్టారు: ‘మస్ట్’ అంటే తప్పనిసరి, ‘షుడ్’ అంటే సరైన కారణం ఉండి, పర్యవసానాలు ఆలోచించుకున్నాకే తప్పుకోవచ్చు, ‘మే’ అంటే మీ ఇష్టం. గైడ్‌లైన్ రాస్తూ ప్రతి వాక్యంలో ‘మస్ట్’ పెడితే అది మారువేషంలో ఉన్న రూలే. అమెరికా ఫెడరల్ కోర్టుల శిక్షల గైడ్‌లైన్స్ అలాగే తప్పనిసరిగా నడిచి, 2005లో బుకర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో సలహా స్థాయికి వచ్చాయి.

స్టాండర్డ్ కొలిచేది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ స్టాండర్డ్‌లు వాటంతట అవి ఎవరినీ కట్టేయవు, ఓ చట్టమో ఒప్పందమో వాటిని పేర్కొన్నప్పుడే బలం వస్తుంది. నార్మ్ ఎవరూ రాయనిది, పదిమందీ పాటించేది, మన కట్టుబాటుకో ఆనవాయితీకో దగ్గర. పాలసీ ఓ సంస్థ తనకు తాను వేసుకున్న దారి. టెనెట్ నమ్మకానికీ సిద్ధాంతానికీ సంబంధించినది. ‘టెనంట్’ అని రాస్తే అద్దెకున్నవాడవుతాడు. ప్రిసెప్ట్, మాగ్జిమ్ రోజువారీ రాతలో అరుదు, వదిలేయొచ్చు.

ఆర్డినెన్స్ అన్న మాట కనిపిస్తే మాత్రం ముందు అది ఏ దేశపు పత్రమో చూసుకోండి. అమెరికాలో అది నగరపాలక సంస్థ చేసే స్థానిక చట్టం. భారత్‌లో పార్లమెంటు సమావేశాలు లేనప్పుడు రాష్ట్రపతి జారీ చేసేది, సభలు మళ్లీ కూడిన ఆరు వారాల్లోగా ఆమోదం రాకపోతే చెల్లిపోయేది.