రుషికొండ తీరాన బర్లెస్క్ పోటీ: ఆడినవారు గెలిచారు, మార్కుల పత్రం ఓడింది

విశాఖపట్నంలో వినోద కార్యక్రమాలు ఏర్పాటు చేసే ఒక ప్రైవేటు సంస్థ ఈ మధ్య రుషికొండ దాటాక భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక రిసార్టు ఆవరణలో బర్లెస్క్ తరహా ప్రదర్శనల పోటీ నిర్వహించింది. వెటకారం, పాట, నాట్యం కలిపి, ఒంటి మీది వాటిని ఊరిస్తూ ఒక్కొక్కటిగా తీసే వేదిక వినోదమే బర్లెస్క్. ముగ్గురు న్యాయనిర్ణేతలలో ఒకరిగా నన్ను పిలిచారు కనుక ఈ సమీక్షను తీర్పు బల్ల వెనుక నుంచి రాస్తున్నాను. టికెట్టు కొనుక్కుని వచ్చినవారికి సాయంత్రం సరదాగానే గడిచి ఉంటుంది. నా అభ్యంతరమంతా పోటీ జరిపిన తీరు మీద, అందులోనూ మా చేతికిచ్చిన మార్కుల పత్రం మీద.

బర్లెస్క్ అనగానే మనవాళ్ళలో చాలామందికి జాతరలలో పోలీసులు వచ్చి ఆపించే రికార్డింగ్ డ్యాన్సులే గుర్తుకు వస్తాయి. అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు గాని, ఈ కళ పుట్టింది వెటకారంలోంచి. 1868లో నటి లిడియా థాంప్సన్ తన బృందంతో ఇంగ్లండు నుంచి న్యూయార్కు వెళ్ళి, గ్రీకు పురాణగాథను హాస్యంగా మార్చి, మగ వేషాలు సైతం ఆడవారే కట్టి ఆడినప్పుడు, అక్కడి పెద్దమనుషులకు వారి దుస్తుల మీద ఎంత కోపం వచ్చిందో, వేదిక మీద నిలబడి ఆడవారు మగవారిని వెక్కిరించడం మీద కూడా అంత కోపమూ వచ్చింది. దుస్తులు ఒక్కొక్కటిగా తీయడం అందులో ప్రధానాంశమైనది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1937లో, లాగార్డియా మేయర్‌గా ఉన్న కాలంలో, న్యూయార్కు నగరంలో ఆ థియేటర్ల లైసెన్సులను పొడిగించడానికి అధికారులు నిరాకరించారు. కాలిఫోర్నియా ఎడారిలో, ఒకప్పుడు మేకలు పెంచిన స్థలంలో, మాజీ నర్తకి డిక్సీ ఎవాన్స్ 1991లో పోటీ మొదలుపెట్టాకనే దీనికి మార్కులు, కిరీటాలు వచ్చాయనుకోవచ్చు. ఆ పోటీ 2006లో లాస్ వేగాస్‌కు తరలింది.

ఈ చరిత్రను నిర్వాహకులు కొంతవరకు చదువుకునే దిగారు. చేతితొడుగులు, టోపీ, శాలువా, పైకోటు తప్ప మరేదీ తీయరాదని వారు ముందే నియమం పెట్టారు. బహిరంగంగా అసభ్య చేష్టలకు శిక్ష విధించే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్‌ను దృష్టిలో ఉంచుకునే ఈ జాగ్రత్త పడి ఉంటారు, కాని దానివల్ల కళకు కూడా మేలే జరిగింది. తీయడానికి చేతితొడుగు ఒక్కటే ఉన్నప్పుడు దాన్ని ఎంత ఆలస్యంగా, ఎంత గడుసుగా తీస్తారన్నదే ప్రదర్శన అవుతుంది. కూచిపూడి భామాకలాపం చూసినవారికి ఈ కిటుకు కొత్త కాదు. తెర పట్టి ఉండగా సత్యభామ ముందు తన జడను మాత్రమే తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. ముఖం కనపడడానికి సభ ఎదురు చూడాలి. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆ వేషానికి అంత పేరు తెచ్చారంటే, ఆ నిరీక్షణను ఎంతసేపు సాగదీయాలో ఆయనకు తెలియడం కూడా ఒక కారణమని నా అభిప్రాయం.

ఆ రాత్రి ఈ సంగతి బాగా పట్టుకున్నది ఒకే ఒక్క అమ్మాయి. కోతిటోపీ, మెడకు మఫ్లరు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, చంకలో లావుపాటి ఫైలుతో సర్కారు ఆఫీసు సూపరింటెండెంటు వేషంలో వచ్చి, శాక్సోఫోను పాటకు తగినట్టు ముందు ఆ ఫైలు నాడా ముడి విప్పడం మొదలుపెట్టింది. ఒక కొస లాగుతుంది, ఆగుతుంది, గోడ గడియారం వైపు చూస్తుంది, మళ్ళీ ముడి వేసేస్తుంది. మఫ్లరు ఒక చుట్టు విప్పి, మన ఉక్కపోతకు మెడ తుడుచుకుని, ఎవరో అర్జీ ఇచ్చినట్టుగా ముందు వరుసలోని ఒక పెద్దాయన చేతికి ఆ మఫ్లరు అందించింది. చివరికి నాడా ఊడి ఫైలు తెరుచుకుంటే లోపల ఉన్నది ఒకే అట్టముక్క, దాని మీద పెద్ద అక్షరాలతో "రేపు రండి". జనం ఈలలు వేశారు, నవ్వారు, మా వెనుక ఎవరో "మా ఆఫీసే" అని గట్టిగా అరిచారు. ఆమెకు బహుమతి రాలేదు.

ఎందుకు రాలేదో మార్కుల పత్రం చూస్తే తెలుస్తుంది. వస్త్రాలంకరణ, నృత్యం, సంగీతం, వేదిక మీద నిండుదనం, మొత్తం మీద అభిప్రాయం అనే అయిదు గళ్ళు, ఒక్కొక్కదానికి పది మార్కులు. హాస్యానికి గడి లేదు. ఊహకు గడి లేదు. ప్రేక్షకులతో కళ్ళు కలిపి వారిని ఆటలోకి లాగే నేర్పుకు ఏ గడిలో మార్కులు వేయాలో చెప్పినవారు లేరు. ఇది ఏ కళాశాల నృత్యపోటీ కోసమో తయారు చేసిన పత్రమని, పై శీర్షిక మార్చి మాకు ఇచ్చారని చూడగానే అనిపించింది. దానితో మెరుపుల గౌను, పిల్లిమొగ్గలు ఉన్న ప్రదర్శనకు రెండు గళ్ళు వాటంతట అవే నిండాయి. కోతిటోపీకి వస్త్రాలంకరణలో నా పక్కనున్నవారు మూడు వేశారు. వేషం కథకు ఎంత నప్పిందో చూడాలా, ఎంత ఖరీదుగా ఉందో చూడాలా అని అడిగితే, "మీ ఇష్టం సార్" అన్నది సమన్వయకర్త సమాధానం. పైగా "మొత్తం మీద అభిప్రాయం" అనే గడి వల్ల ముందు నాలుగింటిలో నచ్చినదానికే మరోసారి మార్కులు పడతాయి.

లెక్కింపులో ఇంకో వింత చేశారు. పక్షపాతం లేకుండా చేయడానికని ప్రతి పోటీదారుకూ వచ్చిన అతి ఎక్కువ, అతి తక్కువ మార్కులను తీసివేస్తామన్నారు. ఏడుగురో తొమ్మండుగురో కూర్చున్న చోట ఈ పద్ధతి బాగుంటుంది. ఉన్నదే ముగ్గురమైనప్పుడు రెండు కొట్టేస్తే మిగిలేది ఒక్కరి మార్కే. అంటే ప్రతి ప్రదర్శననూ చివరికి ఒక్క మనిషే తేల్చాడన్నమాట.

వరుసక్రమం చీటీలు వేసి నిర్ణయించారు, న్యాయమే. అయినా మొదట వచ్చినవారికి మేము చేతులు బిగపట్టి మార్కులు వేశాము, ఎందుకంటే తరువాత ఏమి వస్తుందో తెలియదు. ఇది మాకు మాత్రమే ఉన్న జబ్బు కాదు: బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ పియానో పోటీ ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు కూడా, వరుసలో వెనుక వచ్చినవారికే మెరుగైన స్థానాలు దక్కే ధోరణి ఉందని ఎత్తిచూపారు. పోటీలో లేని ఒక ప్రదర్శనను ముందుగా చూపించి, మేము వేసిన మార్కులను పక్కపక్కన పెట్టి మాట్లాడుకోనిస్తే ఈ లోపం కొంత తగ్గేది. అందుకు పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలూ స్పాన్సరు ప్రసంగానికి పోయాయి.

వేదికను ఆరుబయట కట్టడం మరో పొరపాటు. ఈకల విసనకర్రల నాట్యం 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో శాలీ రాండ్ వల్ల ప్రసిద్ధికెక్కింది. రెండు పెద్ద విసనకర్రలు ఒకదాని వెనుక ఒకటి నిరంతరం కదులుతూ ఉంటేనే అందులో కనుకట్టు నిలుస్తుంది. ఇక్కడ ఆ నాట్యానికి దిగిన యువతి చేతిలోని ఈకలను సముద్రపు గాలి ఒక్క విసురుకు వెనక్కి మడిచేసింది. ఆమె చలించకుండా గాలికే నమస్కారం పెట్టి నవ్వించింది గాని, ఆ తరువాత ఉప్పుతేమకు ఈకలు జిగురుగా అతుక్కుపోయి విచ్చుకోలేదు. మేకప్ గదిలోనూ ఇదే బాధ, కనురెప్పలకు అతికించినవి ఊడి బుగ్గల మీదికి జారాయట.

ధ్వని బాగుంది. భోజనం పరవాలేదు. ఫాలో లైటు నడిపిన కుర్రవాడు మాత్రం ఆ రాత్రి అందరికంటే బాగా పని చేశాడు. ఎవరి చూపు ఎటు తిరుగుతుందో ముందే పసిగట్టినట్టు వెలుగును అటు చేర్చాడు.

ఈ అభ్యంతరాలన్నీ నిర్వాహకులకు రాతపూర్వకంగా పంపాను. మరుసటిసారి నగరంలోనే ఏసీ హాలు తీసుకుంటామని మర్యాదగా జవాబిచ్చారు. మార్కుల పత్రం గురించి మాత్రం అందులో ఒక్క మాట లేదు కనుక, అది మారేవరకు ఈ పోటీకి ప్రేక్షకులుగా వెళ్ళమనే చెబుతాను, పోటీదారులుగా డబ్బు కట్టి పేరు నమోదు చేసుకోమని చెప్పను.