డ్రోన్ బాగానే ఎగిరింది, ఎత్తుల దగ్గరే తేడా కొట్టింది: మైన్స్ సర్వే సర్వీసు రివ్యూ

పల్నాడులో మా సున్నపురాయి మైన్స్‌కి ఏటా ఇవ్వాల్సిన డ్రోన్ సర్వేని ఈసారి బయటి నుంచి వచ్చిన ఒక చిన్న కంపెనీతో చేయించాం. పేరు రాయను, ఎందుకంటే కింద చెప్పబోయే ఇబ్బందులు వాళ్లొక్కరివే కావు, కొటేషన్లు ఇచ్చిన మిగతావాళ్లతో మాట్లాడినప్పుడూ అవే కనిపించాయి. ముందే తేల్చి చెప్పేస్తా: ఎగరేయడం ఫస్ట్ క్లాస్, ఫోటో మ్యాప్ చూస్తే నోరు తెరవాల్సిందే, ఎత్తులూ వాల్యూమ్ లెక్కలూ మాత్రం మా సర్వేయర్ గారు పట్టుబట్టి మళ్లీ చేయించేదాకా సంతకం పెట్టేలా లేవు. అయినా వచ్చే ఏడాది మళ్లీ వాళ్లనే పిలుస్తాం.

అసలు ఇది సరదాకి చేయించుకునే పని కాదు. 2021 నవంబర్‌లో ఎంసీడీఆర్ (ఖనిజాల సంరక్షణ, అభివృద్ధి) రూల్స్ సవరించిన దగ్గర్నుంచి, ఏడాదికి 10 లక్షల టన్నులు ఆపైన తవ్వే ప్లాన్ ఉన్నా, లీజు 50 హెక్టార్లు ఆపైన ఉన్నా, లీజు మొత్తంతో పాటు బౌండరీ బయట 100 మీటర్ల దాకా డ్రోన్ చిత్రాలు ప్రతి ఏడాదీ కేంద్ర గనుల శాఖ కింద ఉండే ఐబీఎంకి ఇవ్వాలి. అంతకన్నా చిన్న లీజులైతే శాటిలైట్ చిత్రాలు చాలు. ఇదంతా సున్నపురాయి, ఇనుప ఖనిజం లాంటి మేజర్ మినరల్స్ సంగతి, గ్రానైట్, కంకర క్వారీలవాళ్లు రాష్ట్ర గనుల శాఖ కిందికి వస్తారు కాబట్టి వాళ్ల కథ వేరు.

ఆ బయటి 100 మీటర్లతోనే మాకు తమాషా జరిగింది. లీజు పక్కనంతా మిర్చి చేలు. 2020 డిసెంబర్‌లో భూముల రీసర్వే మొదలైన దగ్గర్నుంచి మా వైపు పల్లెల్లో డ్రోన్ కనిపిస్తే పొలాలు కొలవడానికే వచ్చిందని లెక్క. మనవాడు ఇలా ఎగరేశాడో లేదో అలా ఒక పెద్దాయన గట్టు దిగి వచ్చి "సారూ, మళ్లీ రీసర్వేనా, మా హద్దు జరుపుతారా ఏంది" అని నిలదీశాడు, ఆయన వెనకాల ఇంకో నలుగురు. టీమ్‌లో కుర్రాళ్లు ఓపిగ్గా ట్యాబ్‌లో మ్యాప్ చూపించి, మైన్స్ పని అని సర్దిచెప్పారు, అందుకు వాళ్లకి మార్కులు ఇవ్వాలి. మీరు మాత్రం ముందు రోజే ఊళ్లో చెప్పించండి.

కాగితాల విషయంలో వంక పెట్టడానికి లేదు. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో మాది గ్రీన్ జోన్ అని ముందే చూసుకున్నారు, అంటే నేల నుంచి 400 అడుగుల ఎత్తు వరకు విడిగా పర్మిషన్ అక్కర్లేదు. డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు, పైలట్ సర్టిఫికెట్ అడగకుండానే చూపించారు. తక్కువ రేటుకి వస్తామన్న ఇంకొకాయన "చిన్న డ్రోనే కదా సార్, సర్టిఫికెట్ ఎందుకు" అన్నాడు. 2 కిలోల లోపు డ్రోన్‌కి సర్టిఫికెట్ అక్కర్లేదన్నది సొంతానికి వాడుకుంటేనే, డబ్బులు తీసుకుని చేసే పనికి కాదు. అలాంటివాళ్లని గేటు దగ్గరే ఆపేయండి, రేపు ఏదన్నా జరిగితే అందరూ వచ్చి అడిగేది మేనేజర్నే.

ఎగరేసిన తీరు బాగా నచ్చింది. బ్లాస్టింగ్ కోసం రంధ్రాల్లో మందు నింపుతున్నప్పుడు రేడియో సిగ్నల్ ఉన్నదేదీ దగ్గరికి రాకూడదని మా బ్లాస్టర్ గట్టిగా చెప్పాడు, వాళ్లు మారుమాట లేకుండా బ్లాస్టింగ్ అయి దుమ్ము అణిగేదాకా ఆగారు. ఇంకో మంచి పని, ఒకే ఎత్తులో తిప్పేయకుండా నేల ఎత్తుపల్లాలను బట్టి డ్రోన్ కూడా పైకీ కిందికీ వెళ్లేలా ప్లాన్ వేసుకున్నారు. ఆఫీసు దగ్గర 80 మీటర్లు పెట్టి అదే ఎత్తులో పోనిస్తే 40 మీటర్ల లోతు పిట్ మీదికి వెళ్లేసరికి 120 మీటర్లు అవుతుంది, ఫోటోలో వివరం ఆ మేరకు తగ్గిపోతుంది. ఓబీ డంపు, అంటే పైమట్టి తీసి పోసిన గుట్ట మీదికి వస్తే దానికి రివర్సు, నేల మరీ దగ్గరై ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ మధ్య అతుకు సరిపోదు. కొత్తవాళ్లు ఇది పట్టించుకోరు.

పాత పద్ధతిలో టోటల్ స్టేషన్ (దూరాలూ కోణాలూ కొలిచే సర్వే యంత్రం) పెట్టి, ప్రిజం కర్ర పట్టుకున్న కుర్రాణ్ని జారిపోయే స్టాక్ పైల్ (తవ్వి పోసిన రాయి గుట్ట) ఎక్కించి, బెంచ్ (మెట్టులా తవ్విన గట్టు) అంచున నిలబెట్టి, పక్కన టిప్పర్లు తిరుగుతుంటే పాయింట్లు తీసుకునేవాళ్లం. ఎన్ని తీసినా వందల్లోనే, మధ్యలో ఉన్న గుంటలూ గుట్టలూ అంచనాకే. ఇప్పుడు అంచు దగ్గరికి మనిషి వెళ్లే పని చాలావరకు తప్పింది, పాయింట్లు లక్షల్లో వస్తాయి. నాకైతే ఈ ఒక్క కారణం చాలు, మిగతావి ఎన్ని తేడాలున్నా.

ఇక తేడాల దగ్గరికి వద్దాం. మొదటి రిపోర్టు రంగురంగుల పేజీలతో వచ్చింది, ఎర్రర్ 2 సెంటీమీటర్లని పెద్దక్షరాల్లో రాసి ఉంది. మా సర్వేయర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, ఆ 2 సెంటీమీటర్లు ఏ పాయింట్ల దగ్గర? చూస్తే ఫోటోలతో కట్టిన 3డీ మోడల్‌ని నేలకి బిగించడానికి వాడిన కంట్రోల్ పాయింట్ల (నేల మీద ముందే కొలిచిన గుర్తుల) దగ్గరే. అంటే తన పేపర్ తనే దిద్దుకుని మార్కులు వేసుకున్నట్టు. లెక్కలో వాడకుండా పక్కన పెట్టిన చెక్ పాయింట్లు ఉండాలి, వాటి దగ్గర ఎంత తేడా వచ్చిందో అదే అసలు ఎర్రర్. అదృష్టం కొద్దీ మా సర్వేయర్ గారు టీమ్‌కి చెప్పకుండా కొన్ని చోట్ల రాతి మీద పెయింట్ గుర్తులు పెట్టించి డీజీపీఎస్‌తో (సెంటీమీటర్లలో కొలిచే జీపీఎస్) కొలిచి ఉంచారు. వాటితో పోల్చితే టిప్పర్లు తిరిగే హాల్ రోడ్డు వైపు బానే ఉంది, తూర్పు హైవాల్ (పిట్ నిలువు గోడ) కింద మాత్రం ఎత్తు జానెడు దాకా తప్పింది. కారణం తెలిసిందే: వాళ్ల కంట్రోల్ పాయింట్లన్నీ జీపు వెళ్లే చోటే పెట్టారు, పిట్ అడుగున ఒక్కటీ లేదు. పాయింట్లు ఒక పక్కనే ఉంటే రెండో పక్క మోడల్ మెల్లగా వంగిపోతుంది, ఫోటో మ్యాప్‌లో అది కంటికి కనపడదు. "మాది ఆర్టీకే డ్రోన్ సార్, పాయింట్లు అక్కర్లేదు" అనేవాళ్లూ ఉన్నారు, అంటే ఎగురుతూనే జీపీఎస్ తప్పుని సరిచేసుకునే డ్రోన్ అన్నమాట, పాయింట్లు తగ్గించవచ్చేమో గానీ చెక్ పాయింట్లు లేకుండా ఒప్పుకోకండి. పైగా పిట్‌లోకి దిగితే ఫోన్ సిగ్నలే అందదు, నెట్ మీద ఆధారపడే కరెక్షన్ ఎప్పుడు తెగుతుందో తెలీదు. ఆ కరెక్షన్ పంపే బేస్ స్టేషన్ మన లీజు పిల్లర్ మీదే పెట్టించడం మేలు.

ఎత్తుల్లో ఇంకో గోల. రిపోర్టులో బెంచ్‌ల లెవెల్స్ అన్నీ మా మైనింగ్ ప్లాన్‌లో ఉన్నదానికన్నా 70 మీటర్లకు పైగా కిందికి ఉన్నాయి, చూసి మా ఫోర్‌మన్ "సార్, మనం ఎప్పుడు ఇంత తవ్వాం" అన్నాడు. జీపీఎస్ ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమికి లెక్క కోసం ఊహించుకున్న నున్నటి ఆకారం మీద నుంచి, మన దక్షిణాదిలో ఆ రెండింటికీ ఇంత తేడా ఉంటుంది. దాన్ని మార్చకుండానే కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) గీసి పంపేశారు. రెండేళ్ల సర్వేలూ ఇలాగే ఉంటే వాల్యూమ్‌కి ఏమీ కాదు, కానీ పోయినేడు మాది టోటల్ స్టేషన్ సర్వే, మా బెంచ్‌మార్క్ (సముద్ర మట్టం నుంచి ఎత్తు తెలిసిన గుర్తు) మీద నుంచి. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి చూస్తే ఏమొస్తుందో మీరే ఊహించుకోండి. ఫోన్ చేస్తే ఆఫీసులో ప్రాసెసింగ్ చేసే అమ్మాయి రెండు మాటల్లో విషయం పట్టుకుంది, మర్నాటికి సరిచేసి పంపింది. టీమ్‌లో అసలైన సర్వేయర్ ఆవిడే అనిపించింది, ఆవిణ్ని మొదటి రోజే సైట్‌కి పంపి ఉంటే ఈ గోలే లేదు.

జానెడు తేడాకి ఇంత రాద్ధాంతం ఎందుకు అనేవాళ్ల కోసం చిన్న లెక్క. ఒక హెక్టారులో ఎత్తు 10 సెంటీమీటర్లు తప్పితే 1000 క్యూబిక్ మీటర్లు, గట్టి సున్నపురాయి లెక్కన సుమారు 2500 టన్నులు, టన్నుకి 80 రూపాయల రాయల్టీ వేసుకుంటే 2 లక్షలు. రాయల్టీ కట్టేది కాటా మీదే అయినా, కాటా లెక్కకీ పిట్ లెక్కకీ పొంతన లేకపోతే సమాధానం చెప్పుకోవాల్సింది మనమే.

స్టాక్ యార్డ్‌లో వాల్యూమ్ బాగానే తీశారు, టన్నులే తప్పు. వదులుగా పోసిన రాయికి కూడా గట్టి రాయి సాంద్రత, 2.5 వేసేశారు. పైల్‌లో గాలి సందులు పోను 1.6 దాటడం కష్టం, అంటే మాకు లేని సరుకు సగానికి పైగా అదనంగా చూపించారు. అకౌంట్స్ వాళ్లు ఒక్క రోజు సంబరపడ్డారు. ఇంకోటి, పైల్ కింద నేల ఎలా ఉందో డ్రోన్‌కి తెలీదు, చుట్టూ అంచులు కలిపి సమంగా ఉందనుకుంటుంది. మా యార్డ్ ఒక పక్కకి వాలు, మధ్యలో పాత గుంట. యార్డ్ ఖాళీ అయినప్పుడు ఒకసారి ఎగరేయించి ఆ నేలని దాచిపెట్టుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

సంప్‌లో (పిట్ అడుగున నీళ్లు చేరే గుంట) నీళ్ల కింద ఏముందో ఈ డ్రోన్ చెప్పలేదు, నీటి మీద మెరుపుకి ఆ చోట మోడల్ చిందరవందరగా వస్తుంది. కాబట్టి వానలు రాకముందు, నీళ్లు తోడించాకే చేయించండి. పాత డంపుల మీద సర్కారు తుమ్మ కంప పెరిగిపోయింది, ఫోటోలతో చేసే సర్వే ఆ కంప పైభాగాన్నే నేల అనుకుంటుంది. లేజర్ కిరణాలతో కొలిచే లైడార్ అయితే కొమ్మల సందుల్లోంచి కొంత కిందికి చూస్తుంది, కానీ రేటు బాగా ఎక్కువ. డంపుల కోసమే అయితే నేను పెట్టను, కంప కొట్టించడమే చవక.

ఖర్చు టోటల్ స్టేషన్ టీమ్‌కి ఇచ్చేదానికన్నా ఎక్కువే పడింది, కానీ పని మాత్రం చాలా తొందరగా తెమిలింది, హాల్ రోడ్డు ఆపాల్సిన అవసరమే రాలేదు. ఐదుకి నేనైతే మూడున్నర ఇస్తా. తప్పు చూపిస్తే వాదించకుండా సరిచేశారు కాబట్టి ఆ అర కలిసింది. వచ్చే ఏడాది వర్క్ ఆర్డర్‌లో పిట్ అడుగున కంట్రోల్ పాయింట్లు, మా సర్వేయర్ గారు పెట్టే చెక్ పాయింట్లు, సముద్ర మట్టం ఎత్తులు, స్టాక్‌కి మేం ఇచ్చే సాంద్రత, ఇవన్నీ ముందే రాయిస్తున్నాం. ఒరిజినల్ ఫోటోలన్నీ హార్డ్ డిస్క్‌లో ఇవ్వాలని కూడా. ఈసారి వాళ్లు పీడీఎఫ్, మ్యాప్ ఇచ్చి ఊరుకున్నారు, ఫోటోలు అడిగితే "అవి మా దగ్గరే ఉంటాయి సార్" అన్నారు. ఆఖరి బిల్లు ఆపితే గానీ రాలేదు.