రెండు మెట్లదారుల కాలేజీ: ఐదుకి రెండు స్టార్లు

పేరు రాయను. ఔటర్ రింగ్ రోడ్డు దాటాక వరసగా వచ్చే ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒకటనుకోండి. మా అమ్మాయికి ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఓసారి చూసొద్దామని ముగ్గురం వెళ్లాం.

ల్యాబులు బాగున్నాయి, ముందే చెప్పేస్తున్నా. కంప్యూటర్లు కొత్తవి. మాట్లాడిన ఇద్దరు లెక్చరర్లూ విషయమున్నవాళ్లే. బస్సు ఉప్పల్ దాకా వస్తుంది. ఇక్కడితో ఆపేస్తే నాలుగు స్టార్లు ఇచ్చేదాన్ని.

గేటు దాటగానే కనిపించేది అడ్మిన్ బ్లాక్. ముందంతా అద్దాలు, లోపల ఏసీ, చేపల తొట్టి, చైర్మన్ గారి నాన్నగారి విగ్రహం. క్లాసులు దాని వెనక. అక్కడికొచ్చేసరికి అద్దాలు పోయి ఇనుప గ్రిల్లులు మొదలయ్యాయి, వరండా పొడుగునా, నేల నుంచి స్లాబు దాకా. మెట్లు రెండు చోట్ల. ఒకవైపు ‘బాయ్స్’, ఇంకోవైపు ‘గర్ల్స్’ అని గోడ మీద నీలం పెయింటుతో రాశారు. క్యాంటీన్ మధ్యలో ప్లైవుడ్ గోడ. అందులో సాంబారు బకెట్ పట్టేంత కిటికీ కోశారు, ఎందుకంటే రెండువైపులా వడ్డించేది ఒక్కాయనే.

“అమ్మా, మరి లెక్చరర్లు ఏ మెట్లెక్కుతారు?” అంది మా అమ్మాయి.

కాలేజీ చూపించడానికొచ్చిన పీఆర్వో నవ్వాడు. “వాళ్లకి లిఫ్టుందమ్మా.”

నా కళ్లు ఇంకోదానికోసం వెతుకుతున్నాయి. క్లాసు లేనప్పుడు పిల్లలు ఊరికే కూర్చునే చోటు. ఒక వేపచెట్టుంది, చుట్టూ అరుగు కూడా ఉంది. ఆ అరుగు మీద మొనదేలిన కంకర నిలబెట్టి సిమెంటు పోశారు. చేత్తో తడిమి చూశాను, గుచ్చుకుంది.

నేను డిగ్రీ చదివింది కోఠి ఉమెన్స్ కాలేజీలో. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, 1800ల మొదట్లో రెసిడెంట్, అంటే నిజాం దగ్గరుండే బ్రిటిష్ ప్రతినిధి, కిర్క్‌పాట్రిక్ కట్టించింది. ఆయన భార్య ఖైరున్నీసా పరదాలో ఉండేదనీ, భవనం ముందుకొచ్చి చూసే వీల్లేక ఆమె కోసం ఆడవాళ్లుండే జనానా తోటలో అచ్చం అలాంటిదే ఒక బొమ్మ భవనం కట్టించాడనీ చెప్పుకుంటారు. 1949లో ఆడపిల్లల కాలేజీ అక్కడికొచ్చింది. ఆమెకి అందని ఆ ముందువైపు మెట్ల మీదే, సింహం బొమ్మ పక్కన, మేం టిఫిన్ బాక్సులు విప్పేవాళ్లం. మామిడికాయ పచ్చడి నూనె మెట్టు మీద పడితే చున్నీతో తుడిచిన రోజులూ ఉన్నాయి.

ఎమ్మేకి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ. 1939లో తెరిచిన గ్రానైటు భవనం. ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం ఆర్కిటెక్టు గుళ్ల స్తంభాలనీ మసీదు కమానులనీ ఒక్కచోట కలిపాడు. నిజాం కాలంలో స్తంభాలకిచ్చిన చోటు తెలుగుకి మాత్రం ఇవ్వలేదు, పాఠాలన్నీ ఉర్దూలోనే. అదో పెద్ద గొడవ, ఇక్కడొద్దు. రాజుగారు తన గొప్ప కోసమే కట్టించి ఉండొచ్చు. కానీ అంత వెడల్పు మెట్లూ, వాటి ముందు అంత ఖాళీ జాగా వదిలాక, జనం కూర్చోకుండా ఎవరాపుతారు? తెలంగాణ ఉద్యమంలో విద్యార్థులు పోగైంది ఆ భవనం ముందే. చైర్మన్లకి ఈ సంగతి బాగా తెలుసేమో అని నా అనుమానం.

పీఆర్వోని అడిగేశాను, ఆ కంకర దేనికని. “మేమేం చేస్తాం మేడం, పేరెంట్సే అడుగుతున్నారు. గ్రిల్లు లేకపోతే ఆడపిల్లల్ని చేర్పించరు” అన్నాడు. అబద్ధమనలేను. మా ఆయన అప్పటికే హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో కనుక్కునొచ్చారు. నేను మాత్రం తక్కువ తిన్నానా, వచ్చిన దగ్గర్నుంచీ సీసీ కెమెరాలు లెక్కపెడుతూనే ఉన్నా. ఇరవై మూడు.

రెండు స్టార్లూ ల్యాబులకే. ఆప్షన్లలో రెండో నంబరులో ఉన్నది తొమ్మిదికి దిగింది. దించింది నేను కాదు, అమ్మాయే. ల్యాబులు బాగున్నాయి కదా అని మా ఆయన ఇంకా గొణుగుతున్నారు. ఈమధ్య అటు వెళ్లినవాళ్లుంటే, ఆ చెట్టు కింద కంకర తీసేశారేమో చెప్పండి.