గోపాల్‌పూర్‌లో మా బ్యాచ్ కలయిక: హోటల్ చేసిన మోసం, కానాగంత చేపల పులుసు

ఎనభై ఒక్క ఏళ్ల మా సార్‌ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురం నాలుగు కాళ్లూ పట్టుకుని మూడంతస్తులు ఎక్కించాం. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు. గెట్ టుగెదర్ పెట్టుకుందామనుకునే వేరే బ్యాచ్‌లకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మాది ఒడిశాలోని బరంపురం యూనివర్సిటీ, 1993-95 ఎం.కాం. చదువు ముగిసి ముప్పై ఏళ్లయిందని మొన్న డిసెంబరులో గోపాల్‌పూర్‌లో కలిశాం. విశాఖ, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ నుంచి అంతా కలిపి ఇరవై ముగ్గురం. సగం తెలుగువాళ్లం, సగం ఒడియావాళ్లు. బరంపురం స్టేషన్ నుంచి గోపాల్‌పూర్‌కి పదహారు కిలోమీటర్లు ఉంటుంది, ఆటోకి 450 ఇచ్చాం. దారి పక్కన మొగలి పొదలు అప్పటిలాగే ఉన్నాయి. ఈ గంజాం జిల్లా మొగలి అత్తరంటే దేశమంతా పేరు. హాస్టల్ రోజుల్లో బస్సు కిటికీలోంచి వచ్చే ఆ వాసన కోసమే కొందరం సముద్రం వైపు కూర్చునేవాళ్లం.

ఇక హోటల్ సంగతి. పేరు రాయను, బీచ్‌కి ఎదురుగానే ఉంటుంది. డబ్బులు చూసుకునే మా పర్లాకిమిడి మిత్రురాలు రెండు నెలల ముందే ఫోన్లో మాట్లాడింది. పన్నెండు రూములు, ఒక్కోటి 2,800. కింద అంతస్తులో హాలు, మైకుతో సహా ఉచితం. సార్ మెట్లెక్కలేరు కాబట్టి హాలు కిందే కావాలని మూడుసార్లు చెప్పింది. 20,000 అడ్వాన్సు కూడా పంపింది. తీరా వెళ్తే హాల్లో వేరేవాళ్ల పెళ్లి రిసెప్షన్‌కి పూలు కడుతున్నారు. "మీకు టెర్రస్ ఇచ్చాం, సముద్రం బాగా కనిపిస్తుంది" అన్నాడు మేనేజరు. లిఫ్ట్ లేదు. కాగితం మీద ఏమీ లేదు కాబట్టి మా మాట చెల్లలేదు.

సార్ మాత్రం ఒక్క మాటా అనలేదు. కుర్చీలో పైకి వెళ్తూ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మా మిత్రురాలు మెట్ల మలుపులో గోడవైపు తిరిగి ఏడ్చేసింది. రాయగడ నుంచి వచ్చినవాడు మేనేజరు మీదికి వెళ్లబోతే ఇద్దరు పట్టుకుని ఆపారు.

ఏడింటికి సభ మొదలుపెట్టాం. సార్‌కి బరంపురం పట్టు ఉత్తరీయం కప్పాం, 3,200 అయింది. గుడి గోపురాల వరసలా ఉండే ఆ కుంభాల అంచుని వేలితో తడిమి చూసి, ఇది ఏ వీధి మగ్గమో అడిగి తెలుసుకున్నారు. మాలో లేకుండా పోయిన నలుగురి పేర్లు చదివాం. ఆ తర్వాత మా ఒడియా మిత్రుడు ఉపేంద్ర భంజుడి ఛాందం, అంటే ఒడియాలో రాగంతో పాడే పద్యాలు, ఎత్తుకున్నాడు. మా క్యాంపస్‌కి భంజవిహార్ అన్న పేరు ఆ కవి మీదే వచ్చింది. వాడు రెండో చరణంలో ఉండగా ఎనిమిదిన్నరకి కరెంటు తీసేశారు. రూలట. మైకు ఆపాల్సింది రాత్రి పదింటికి. పైగా కింద పెళ్లివాళ్ల డీజే మోగుతూనే ఉంది. భోజనం అడిగితే పెళ్లి వంటతో కిచెన్ ఖాళీ లేదన్నారు.

సార్‌ని మళ్లీ అలాగే మోసుకుని కిందికి దించాం. గేటు దగ్గర వాచ్‌మన్ మా గొడవంతా విని, "లైట్‌హౌస్ అవతల నోళియాల బస్తీకి వెళ్లండి, మీ వాళ్లే" అన్నాడు. గంజాం తీరంలో చేపల వేటకెళ్లేవాళ్లలో చాలామంది మన వాడబలిజలే. ఒడియావాళ్లు నోళియాలంటారు. తరాల కిందట వచ్చినా ఇంట్లో మాట తెలుగే.

మొదటి ఇంట్లోనే అరవై దాటిన ఒకావిడ బయటికొచ్చింది. "అప్పా, ఇరవై ముగ్గురం, ఏమైనా దొరుకుతుందా?" అని అడిగాను. అప్ప అంటే మా వైపు అక్క. మా వెనక సార్‌ని చూసింది. "ముసలాయన్ని ముందు కూకోబెట్టండి బాబూ" అంటూ నులకమంచం వాల్చింది. సరుగుడు కట్టెల మీద పెద్ద డేగిసాలో కానాగంతల పులుసు పెట్టింది. గరిటె పెట్టనేలేదు. చెంగుతో డేగిసా చెవులు రెండూ పట్టుకుని మెల్లగా ఊపింది, అంతే. ఒక్క ముక్క చెదరలేదు. పులుపు ముందు తగిలి, మెంతి చేదు చివర్లో సన్నగా తెలిసింది. ఇంకా పొగలు కక్కుతున్న అన్నం. విశాఖలో ఇన్నేళ్లుగా తింటున్నాను, ఇంత మంచి చేపల పులుసు తిన్న గుర్తు లేదు. మనిషికి 150 చొప్పున 3,450 అడిగింది. నాలుగు వేలిచ్చాం.

ఆగిపోయిన ఛాందాన్ని మావాడు అక్కడే, మైకు లేకుండా పూర్తి చేశాడు. బస్తీ ఆడవాళ్లు వచ్చి ఇసకలో కూర్చున్నారు. గోపాల్‌పూర్ ఒకప్పటి రేవు, రంగూన్ స్టీమర్లు ఇక్కణ్నుంచే వెళ్లేవి. తన తాత ఆ స్టీమరెక్కి వెళ్లిన కథ ఆవిడ చెబుతుంటే, సార్ మంచం అంచుకి జరిగి తెలుగులోనే ప్రశ్నలు వేశారు. రెండేళ్లు క్లాసులు విన్న మాకెవరికీ ఆయనకింత తెలుగు వచ్చని తెలియదు. పదకొండున్నరకి గానీ లేవలేదు.

పొద్దున్న హోటల్ బిల్లులో రూములకి 33,600తో పాటు "హాలు" 8,000, మైకు 3,500 ఉన్నాయి. రెండు గంటలు వాదించాం. హాలు కొట్టేశారు గానీ మైకు డబ్బులు కట్టించుకునే వదిలారు.

రెండోరోజు భంజవిహార్‌లో మా డిపార్ట్‌మెంటు చూసి, తారాతారిణి అమ్మవార్ల కొండ గుడికి రోప్‌వేలో వెళ్లొచ్చాం. అంతా హాయిగా గడిచింది.

వెళ్లేవాళ్లకి చెప్పేదొకటే. హాలు ఏ అంతస్తులోనో, మైకు ఎంతసేపో, భోజనం ఎన్నింటి వరకో హోటల్ లెటర్‌హెడ్ మీద రాయించుకున్నాకే అడ్వాన్సు పంపండి. పెద్దవాళ్లుంటే ఒకరు ముందురోజే వెళ్లి మెట్లు చూసి రండి. పడుకోవడానికి బరంపురంలో రూములు తీసుకోండి, గోపాల్‌పూర్‌కి సాయంత్రం వెళ్తే చాలు.

వచ్చే డిసెంబరుకి కూడా తేదీ అనుకున్నాం. వంటకి ముందే రెండు వేలు ఉంచమని మా మిత్రురాలు ఇవ్వబోతే పులుసు పెట్టినావిడ తీసుకోలేదు. "ముందురోజు ఫోన్ చెయ్యమ్మా, వలలో ఏది పడితే అది వండుతాను" అంది.