నౌకరీ, లింక్డ్‌ఇన్: ఏది ఎందుకు పనికొస్తుంది?

ఉద్యోగాల సైట్లలో పనులు రెండు. మనం వెతుక్కోవడం, అవతలివాళ్లకు మనం దొరకడం. దొరకడానికి నౌకరీ బాగుంటుంది, వెతుక్కోవడానికి లింక్డ్‌ఇన్. రెండూ ఏళ్ల తరబడి వాడాక నాకు తేలిన లెక్క ఇది. చాలామంది దీన్ని తిరగేస్తారు. నౌకరీలో కనిపించిన ప్రతిదానికీ అప్లై కొడుతూ పోతారు, లింక్డ్‌ఇన్‌లో ప్రొఫైల్ పెట్టేసి ఊరుకుంటారు.

1997లో మొదలైన నౌకరీలో కంపెనీలూ కన్సల్టెన్సీలూ డబ్బు కట్టి రెజ్యూమేల డేటాబేస్‌లో వెతుకుతాయి. వాళ్ల తెర మీద ఉండే గడులు ఇవి: కీవర్డ్స్, అనుభవం ఎంత నుంచి ఎంత వరకు, జీతం, ఊరు, నోటీస్ పీరియడ్, ఎన్ని రోజుల్లోపు యాక్టివ్‌గా ఉన్నారు. మీ ప్రొఫైల్‌లో వీటిలో ఏది ఖాళీగా ఉన్నా, పాతబడినా వాళ్లకు వచ్చే లిస్టులో మీ పేరు ఉండకపోవచ్చు. ఎంత పనిమంతులైనా అంతే.

హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం కావాలనుకోండి. నౌకరీ ప్రొఫైల్‌లో పేరు దగ్గర మిమ్మల్ని క్లుప్తంగా పరిచయం చేసే హెడ్‌లైన్‌కు ఇచ్చేది 250 అక్షరాలు. అందులో ‘కష్టపడే తత్వం గల బీకాం గ్రాడ్యుయేట్’ అని రాస్తే ఆ మాటలు కొట్టి వెతికే రిక్రూటర్ ఉండడు. ‘అకౌంటెంట్, 3 ఏళ్లు, టాలీ ప్రైమ్, జీఎస్‌టీఆర్-1, జీఎస్‌టీఆర్-3బీ, టీడీఎస్, బ్యాంక్ రీకన్సిలియేషన్, 15 రోజుల్లో చేరగలను’ అని ఇంగ్లిష్‌లో రాయండి. ఇవే మాటలు కీ స్కిల్స్‌లోనూ ఉండాలి. ఉండేది ఖమ్మంలోనో గుంటూరులోనో అయితే, కోరుకునే ఊళ్లలో హైదరాబాద్ తప్పకుండా చేర్చండి. రాజీనామా ఇచ్చిన రోజే నోటీస్ పీరియడ్ గడిని ‘సర్వింగ్ నోటీస్ పీరియడ్’గా మార్చి చివరి పనిదినం వేయండి. అక్కడ మూడు నెలలని ఉండిపోతే, నెలలోపు చేరేవాళ్ల కోసం వెతికే రిక్రూటర్‌కు మీరు కనిపించరు. వారానికి రెండు మూడుసార్లు లాగిన్ అయి ఏదో ఒక గడి సరిచేసి సేవ్ చేస్తే యాక్టివ్ లెక్కలో ఉంటారు.

ఇప్పుడు పనిచేస్తున్న కంపెనీకి ప్రొఫైల్ కనిపించకుండా సెట్టింగ్స్‌లో బ్లాక్ చేసుకోవచ్చు. మంచి సదుపాయమే. కాకపోతే మీ కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీని అది ఆపదు. గుట్టుగా చూసుకునేవాళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

రెజ్యూమే దగ్గర ఎక్కువమంది దెబ్బతినేది అందం కోసం పోయి. రెండు కాలమ్‌లు, టేబుళ్లు, స్కిల్స్ పక్కన చుక్కల బార్లు, హెడర్‌లో ఫోన్ నంబర్. రెజ్యూమేలు చదివి వివరాలు తీసుకునే సాఫ్ట్‌వేర్ వీటిని సరిగా చదవలేకపోవచ్చు. పరీక్షించడం తేలిక: పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. కంపెనీ పేరు ఒకచోట, దాని తేదీలు ఇంకెక్కడో పడ్డాయంటే సాఫ్ట్‌వేర్‌కూ అలాగే అందే అవకాశం ఉంది. ఒకే కాలమ్‌లో, మామూలు హెడింగులతో మళ్లీ చేసుకోండి.

ఇక వెతుక్కోవడం. లింక్డ్‌ఇన్‌లో నాకు బాగా నచ్చేది తేదీ ఫిల్టర్. గత 24 గంటలు అని పెట్టి వెతికాక బ్రౌజర్ అడ్రస్‌లో 86400 అనే అంకె కనిపిస్తుంది. అవి 24 గంటల్లోని సెకన్లు. దాన్ని 3600 చేసి ఎంటర్ కొడితే గత గంటలో పడినవే వస్తాయి. యాప్‌లో ఈ అడ్రస్ ఉండదు కాబట్టి బ్రౌజర్‌లోనే చేయాలి. వందల దరఖాస్తులు పడ్డ పోస్టుకు ఎంత మంచి రెజ్యూమే పంపినా తెరిచి చూసేంత ఓపిక అవతల మిగలదు. ముందు పంపడంలో ఉన్న లాభం అదే. ‘రీపోస్టెడ్’ అని ఉంటే అది పాత ప్రకటనే, మళ్లీ పైకి వచ్చింది. దరఖాస్తు చేసేముందు ఆ కంపెనీ కెరీర్స్ పేజీలో ఆ ఖాళీ ఇంకా ఉందో లేదో చూడండి. ఉంటే అక్కడే నేరుగా అప్లై చేయడం మేలు.

ఒకే పనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. అకౌంటెంట్, అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్, ఫైనాన్స్ అసోసియేట్, పేయబుల్స్ అనలిస్ట్. నాలుగింటికీ విడివిడిగా అలర్ట్ పెట్టుకోకపోతే చాలా ఖాళీలు కంటపడవు.

డబ్బు కట్టించుకునే రెజ్యూమే రైటింగ్, ప్రొఫైల్‌ను రిక్రూటర్లకు ప్రత్యేకంగా చూపించే హైలైట్ సేవల విషయానికొస్తే, పైన చెప్పినవన్నీ సొంతంగా చేసుకోగలిగినవాళ్లకు అవి అక్కర్లేదని నా అభిప్రాయం. అవి ఉద్యోగానికి హామీ ఏమీ కావు. కేంద్ర కార్మిక శాఖ 2015లో తెచ్చిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ పూర్తిగా ఉచితం, జాబ్ మేళాల కబురు కోసం అందులోనూ పేరు నమోదు చేసుకోండి.

ప్రొఫైల్ తాజా చేయగానే ఫోన్లు మొదలవుతాయి. వాటిలో రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ‘బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం’ అనేవి వస్తే అక్కడే ఫోన్ పెట్టేయండి. పేరున్న కంపెనీ ఆఫర్ లెటర్ మామూలు జీమెయిల్ ఐడీ నుంచి వస్తే నమ్మకండి. ఇంటర్వ్యూ లేకుండా ఆఫర్ వచ్చినా అంతే. ఫీజు కట్టి ఇరుక్కున్న ఫ్రెషర్లే ఎక్కువగా సిగ్గుపడి ఊరుకుంటారు, అది వద్దు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబర్, స్క్రీన్‌షాట్లు చేతిలో ఉంచుకుని మాట్లాడండి.