పెట్టె మీద 3200, నా కంప్యూటర్‌లో 2666: రెండేళ్లు వాడిన ర్యామ్

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర ఫ్లెక్సీలు, మాఘమాసపు పెళ్లి ఆల్బమ్‌లు ఒకేసారి మీద పడ్డాయి. హనుమకొండలోని మా డిజైన్ షాపు కంప్యూటర్ మొరాయిస్తుంటే, ఉన్న 8 జీబీ ర్యామ్‌కు తోడు పెట్టె మీద 3200 వేగం అని రాసి ఉన్న మరో 8 జీబీ స్టిక్ వేయించాను. రెండు రోజులు ఎంత మురిసిపోయానో! 36 అంగుళాల ఆల్బమ్ షీట్లు మూడు తెరిచినా ఫొటోషాప్ నత్తనడక నడవలేదు. అడిగిన వారికల్లా ఇదే కొనమని చెప్పాను.

మూడో రోజు కంప్యూటర్ ఆగిపోయి నీలి తెర. ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని రాసి ఉంది. ఆ తర్వాత లెక్కే లేదు. ఒకరోజు తెల్లవార్లూ నడిచేది, మరుసటి రోజు టీ తాగి వచ్చేలోగా పడిపోయేది. పెద్ద షీటు సేవ్ చేసేటప్పుడే ఎక్కువ. యూపీఎస్‌ను అనుమానించాను, విండోస్ మళ్లీ వేశాను, స్టిక్‌ల బంగారు పూతను రబ్బరుతో తుడిచి బిగించాను. ఫలితం లేదు. ఈలోగా పరకాల పెళ్లివారి ఆల్బమ్‌లో అప్పగింతల ఫొటో కింది సగం బూడిదరంగు పట్టీగా మారిపోయింది. అమ్మాయి ముఖం ఉంది, తండ్రి చేతులు లేవు. కెమెరా కార్డులో అసలు ఫొటో ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఆ తండ్రికి ఏమని చెప్పేవాణ్ణి?

ఆ రాత్రే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, నడవనిచ్చి షాపు మూశాను. పొద్దున షట్టర్ ఎత్తేసరికి తెర మీద తప్పులు చూపే ఎర్ర వరుసలు. కొత్త స్టిక్ చెడిపోయిందనుకుని, రెండింటినీ విడివిడిగా పరీక్షించాను. ఉచిత వెర్షన్ ఇచ్చే నాలుగు పాస్‌లలోనూ (పరీక్ష మొత్తం ఒకసారి నడిస్తే ఒక పాస్) దేనికీ ఒక్క తప్పు రాలేదు! చెడ్డవి కావు, కలిపితేనే గొడవ. బయోస్‌లో, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్‌లలో చూస్తే, ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే ఎక్స్ఎంపీ ప్రొఫైల్ ఆన్‌లో ఉంది. బిగించిన అబ్బాయి పెట్టి వెళ్లాడు, నాకు ఒక్క మాట చెప్పలేదు. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 3200 ఆ ప్రొఫైల్‌తో, 1.35 వోల్టుల దగ్గర వచ్చే వేగం. పాత స్టిక్ 1.2 వోల్టులతో 2666 దగ్గర నడవాల్సింది. దాన్ని కూడా 3200కు పరుగెత్తించారు. ఎక్స్ఎంపీ తీసేశాను. రెండూ 2666కు దిగాయి, నాలుగు పాస్‌లూ తప్పు లేకుండా పూర్తయ్యాయి. అప్పటి నుంచి రెండు ఎండాకాలాలు ఏసీ లేకుండానే గడిచాయి, నీలి తెర మళ్లీ చూడలేదు.

3200 పోయినందుకు నా పనిలో తేడా ఏమీ కనిపించలేదు. నేను మెచ్చుకున్న వేగమంతా 16 జీబీది, రెండు స్టిక్‌లు జంటగా పనిచేయడానిది. ఆ అంకె మీద కోపంగానే ఉన్నా, స్టిక్‌ను తప్పుపట్టలేను. నాది పాత మదర్‌బోర్డు, పైగా రెండు రకాల ర్యామ్. ఒకే పెట్టెలో వచ్చే జంట కొనేవారికి 3200 నిలకడగా నడవవచ్చు. గేములు ఆడేవారికి ఆ తేడా తెలియనూ వచ్చు. మళ్లీ కొనాల్సి వస్తే నేను మాత్రం జంటే కొంటాను, డబ్బు కొంచెం ఎక్కువైనా.